భూతం గోదాములో చిన్న చెప్పులు

పిల్లల పుస్తకాల పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మంచి పుస్తకం ఎలా తయారవుతుందో చెప్పమంటారు. ముప్పై ఏళ్లకు పైగా ఆ పనే చేసినా నాకు దానికి జవాబు తెలియదు. ఒక మంచి పుస్తకం నా చేతుల్లో ఎలా పాడైపోబోయిందో మాత్రం బాగా గుర్తుంది. అడిగినవాళ్లకు అదే చెబుతాను. కొందరు నిరాశపడి కాఫీ తాగి వెళ్లిపోతారు.

నేను చెన్నైలో పిల్లల పుస్తకాలు వేసే ఒక సంస్థలో తెలుగు విభాగం చూసేదాన్ని. మొదట చేరింది ప్రూఫులు దిద్దడానికి. ఆ పనంటేనే అనుమానించే పని. ఒత్తు పడిందా, దీర్ఘం ఎగిరిపోయిందా, మూడో పేజీలో నల్లగా ఉన్న పిల్లి పదో పేజీలో తెల్లబడిందా అని చూడాలి. కనిపించిన ప్రతి అక్షరాన్నీ దొంగను చూసినట్టు చూడాలి. అలా పదిహేనేళ్లు చూశాక కన్ను అలాగే ఉండిపోతుంది. ఎవరైనా పెళ్లిపత్రిక ఇస్తే ముహూర్తం కంటే ముందు నాకు అచ్చుతప్పు కనబడేది. సంపాదకురాలినయ్యాక కూడా ఆ చూపు మారలేదు. అక్షరాల నుంచి మనుషుల మీదికి పాకింది, అంతే.

రిటైరవడానికి రెండేళ్ల ముందు ఒక రాతప్రతి వచ్చింది. రాసినాయన కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన పెద్దమనిషి. మేమంతా మాస్టారనేవాళ్లం. కథ ఇది. ఒక ఊళ్లో మూడేళ్లుగా వాన లేదు. ఎనిమిదేళ్ల పాప ఒకతె, కాళ్లకు చెప్పులైనా లేకుండా, పొడుగాటి నిచ్చెన ఎక్కి ఆకాశంలోకి పోతుంది. అక్కడొక పెద్ద గోదాము. మేఘాలన్నిటినీ గోనెసంచుల్లో కట్టి పేర్చి ఉంటారు. కాపలాకు ఒక భూతం. సంచి ముట్టినవాళ్లను కిందికి తోసేస్తుంది. పాప దాక్కుంటూ, పారిపోతూ, చివరికి దొరికిపోతుంది. అప్పుడు భూతం మనసు మారుతుంది. తనే తలుపు తీసి ఒక మేఘాన్ని ఇచ్చి పంపుతుంది. ఊళ్లో వాన.

బొమ్మలకు మా యజమాని ఒక కొత్త అమ్మాయిని తీసుకొచ్చారు. రాయపురంలో చేపల హార్బరు పక్క వీధి. ఇరవై మూడేళ్లు. బొమ్మల కాలేజీ మొహం చూసింది కాదు. హార్బరు గోడల మీద రంగులు వేసే గుంపులో ఆమె గీసిన పడవను చూసి యజమాని ముచ్చటపడ్డారు. తాతల నాడు నెల్లూరు వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబం. కానీ చదివిందంతా తమిళ మీడియం. ఒప్పందం మీద తమిళంలో సంతకం చేసింది. రాతప్రతి చేతికిస్తే మొదటి పేజీని, తెలియని ఊళ్లో బస్సు బోర్డు చూసినట్టు చూసి, సంచిలో పెట్టుకుంది.

"చదివాక ఒకసారి రామ్మా, ఏ పేజీకి ఏం బొమ్మో మాట్లాడుకుందాం" అన్నాను.

"అవసరం లేదు మేడం. వచ్చే నెలకి గీసి తెస్తా" అంది.

నా మొదటి అనుమానం అక్కడ పుట్టింది. తెలుగు చదవడం రాని పిల్ల తెలుగు కథకు బొమ్మలెలా వేస్తుంది?

చెప్పిన నెలకు బొమ్మలు వచ్చాయి. ఆమె కాగితం మీద కాక ట్యాబ్ మీద గీస్తుంది. ఫైళ్లు మా ఆఫీసు కంప్యూటర్‌లో తెరిచేసరికి నేనూ, పేజీలు పేర్చే మా సహోద్యోగీ కుర్చీలు దగ్గరికి లాక్కున్నాం. అంత బాగున్నాయి. గోదాము తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆ సందులోంచి తెల్లటి పొగ నేల మీద పాకుతూ బయటికి వస్తోంది. లోపల చీకటి. ఆ చీకటికి చలి ఉన్నట్టు తెలుస్తోంది. మాస్టారి కథలో చలి అన్న మాటే లేదు.

ముందు మాట్లాడింది మా సహోద్యోగి. పదేళ్లుగా నా పక్క కుర్చీలో కూర్చున్న మనిషి. నాకంటే అనుమానం తక్కువ, నోరు ఎక్కువ.

"మేడం, ఇది ఆ పిల్ల పని కాదు. మెషిన్ పని. నాలుగు మాటలు కొడితే అదే గీసి ఇస్తుంది ఇప్పుడు."

"అలా ఎలా చెబుతావు?"

"తప్పులు చూడండి. మెషిన్‌కి ముందు పేజీలో ఏం గీసిందో గుర్తుండదు. ఈడ చూడండి."

చూశాను. నిజంగానే తప్పులున్నాయి. గోదాములో జరిగే ప్రతి బొమ్మలోనూ ఎక్కడో ఒక మూల చిన్నపిల్లల చెప్పులు ఒక జత. ఒకసారి తలుపు పక్కన, ఒకసారి సంచుల సందున, ఒకసారి భూతం పెద్ద బూట్ల పక్కనే. కథలో చెప్పుల ఊసే లేదు. పైగా పాప మొదటి నుంచి చెప్పుల్లేకుండా తిరుగుతోంది. ఇరవయ్యో పేజీలో భూతానికి దొరికినప్పుడూ అంతే. ఇరవై రెండో పేజీలో నిచ్చెన దిగుతున్నప్పుడు మాత్రం ఆమె కాళ్లకు చెప్పులున్నాయి. ఇంకొకటి. దొరికిపోయిన ఆ బొమ్మలో భూతం పాప మొహం చూడటం లేదు. చూపు ఎటో కిందికి పోయింది.

"చూశారా, కన్ను కూడా తప్పింది" అన్నాడు సహోద్యోగి.

నేను తలూపాను. నా ఎర్ర పెన్ను తీసుకుని ప్రింటు మీద, గోదాములో చెప్పులున్న ప్రతిచోటా సున్నా చుట్టాను. మొత్తం తొమ్మిది సున్నాలు. తొమ్మిదిసార్లు ఒకే తప్పు ఎలా పడుతుందని నాకు అనుమానం రాలేదు. అన్నిటినీ అనుమానించే నాకు ఆ ఒక్కటీ రాలేదు.

ఆ అమ్మాయిని పిలిపించాను. సగంలో ఉన్న బొమ్మలు, తొలి గీతలు ఏమైనా ఉన్నాయా అని అడిగాను.

"లేవు మేడం. ట్యాబ్ పాతది. దాంట్లో జాగా చాలదు. ఒకటి అయిపోయినాక అంతా చెరిపేస్తేనే ఇంకొకటి గీయగలను."

సహోద్యోగి నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. దొంగ దొరికినట్టే అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసే పని అప్పుడు చేశాను. తెల్ల కాగితం, పెన్సిల్ ఆమె ముందు పెట్టి, "ఏదీ, ఆ భూతాన్ని ఒకసారి ఇక్కడే వెయ్యి" అన్నాను. మేమిద్దరం ఆమె చేతినే చూస్తూ కూర్చున్నాం. ఆమె పెన్సిల్ పట్టుకుంది. ఒక గీత గీసి ఆపింది. ఇంకొకటి గీసింది. ఐదు నిమిషాల తర్వాత కాగితం మీద ఉన్నది మూడో తరగతి పిల్ల గీసిన బొమ్మలా ఉంది.

"ఎదురుగా కూర్చుని చూస్తా ఉంటే గీత రాదు మేడం."

"పోనీ, కథ చదివావా?"

ఆమె పెన్సిల్ బల్ల మీద పెట్టింది. "తెలుసు మేడం కథ" అంది.

చదివాను అనలేదు. తెలుసు అంది. ఆ తేడాను నేను తప్పకుండా పట్టుకున్నాను. పట్టుకుని తప్పుడు వైపు లాగాను.

మర్నాడు యజమానికి ఒక పేజీ నోటు రాశాను. బొమ్మలు ఈ అమ్మాయి వేసినవని నాకు నమ్మకం లేదని, మెషిన్ గీసినట్టున్నాయని, కథ చదివిన ఆనవాలు కూడా లేదని, పుస్తకం మీద ఆమె పేరు వేస్తే రేపు మన పేరు పోతుందని. భాష చక్కగా ఉండేలా రెండుసార్లు దిద్దాను. యజమాని మంచివాడే. కానీ వ్యాపారం చేసే మంచివాడు. ఆమెను మీటింగు గదిలోకి పిలిచి, మా అందరి ముందూ నోటులో విషయం చదివి వినిపించి, ఏమంటావని అడిగారు.

"నేనే గీసినా సార్" అంది.

"ఋజువు ఏమైనా ఉందా?"

ఆమె నా వైపు చూసింది. నేను ఏదో అడుగుతానని ఎదురుచూసినట్టు ఒకటి రెండు క్షణాలు అలాగే చూసింది. నేను కాగితాలు సర్దుకున్నాను. ఆమె సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. మౌనం అర్ధాంగీకారం అనుకున్నాం. పేరు అట్టమీద వద్దనీ, తర్వాతి పుస్తకం ఆమెకు ఇవ్వకూడదనీ నిర్ణయమైంది. బొమ్మలు మాత్రం వాడుకోవాలనుకున్నాం. ఎవరివో తెలియని బొమ్మలని అనుమానిస్తూనే వాటిని వాడుకోవడానికి మాకెవరికీ అభ్యంతరం లేకపోయింది. ఈ మాట నోటులో రాయలేదు.

తర్వాత శుభ్రం చేసే పని. మా సహోద్యోగి తొమ్మిది చోట్లా చెప్పులు చెరిపేశాడు. నిచ్చెన దిగే పాప కాళ్లకున్నవీ తీసేశాడు. భూతం కనుగుడ్లు పైకి జరిపి పాప మొహం చూసేలా చేశాడు. అలా చేశాక ఇరవయ్యో పేజీ ఎందుకో వెలవెలబోయింది. ఏదో తక్కువైందని నాకూ తెలిసింది. ఏం తక్కువైందో తెలియక మాస్టారికి ఫోన్ చేసి ఒక వాక్యం కలపమన్నాను. ఆయన కలిపారు. "పాపను చూసి భూతానికి ఎంతో జాలి కలిగింది." నేను ఒత్తులు సరిచూసి పేజీలోకి ఎక్కించాను.

అచ్చుకు వెళ్లే ముందు ప్రతి పుస్తకాన్నీ ఒక బడిలో పిల్లలకు చదివి చూపించడం మా అలవాటు. ఆ ఏడు చెన్నై శివారు మనలిలో, తెలుగు సెక్షన్ ఇంకా మిగిలి ఉన్న ఒక బడికి వెళ్లాను. పెట్రోలు ఫ్యాక్టరీ వైపు గాలి తిరిగిందని టీచర్లు కిటికీలు మూసేశారు. నలభై మంది పిల్లలు. ఒక పుస్తకం అందరికీ కనబడదని రెండు గదుల్లో కూర్చోబెట్టారు. నా సంచిలో రెండు నమూనా ప్రతులున్నాయి. ఒకటి కొత్తది, చెప్పులు చెరిపినది. రెండోది పాతది, నా ఎర్ర సున్నాలు పడకముందు తీసిన ప్రింటు. బొమ్మలు అవే కదా, చాలుతుందిలే అని పాతదాన్ని రెండో గది టీచరుకు ఇచ్చాను. దానిలో జాలి వాక్యం లేదని చెప్పడం కూడా మరిచిపోయాను.

నేను మొదటి గదిలో కూర్చున్నాను. పిల్లలు బాగానే విన్నారు. నిచ్చెన దగ్గర నవ్వారు, భూతం దగ్గర ముడుచుకున్నారు. జాలి వాక్యం వచ్చింది.

"ఏంటికి జాలి?" అన్నాడొకడు.

"పాప చిన్నది కదా" అంది టీచరు.

"ముందు కూడా చిన్నదే కదా మిస్."

టీచరు నా వైపు చూసింది. నేను నవ్వాను. వేరే దారిలేనప్పుడు పెద్దవాళ్లు నవ్వే నవ్వు. కథ అయిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. బడిలో ఏం చెప్పినా చప్పట్లు కొడతారు కాబట్టి నేను దాన్ని లెక్కలోకి తీసుకోను.

పక్క గదిలో ఇంకా ముగియలేదు. తలుపు దగ్గర నిలబడి చూశాను. పిల్లలెవరూ చాప మీద కూర్చుని లేరు. అందరూ లేచి పుస్తకం మీద పడుతున్నారు. టీచరు చదువుతోంది కానీ వాళ్లు ఒక చెవితోనే వింటున్నారు. పేజీ తిప్పగానే, "ఎక్కడ, ఎక్కడ" అని వెతుకుతున్నారు. "ఇక్కడున్నాయి, సంచి ఎనకాల" అని ఒక పిల్ల వేలు పెట్టింది. చెప్పులు.

ఇరవయ్యో పేజీ వచ్చేసరికి గదిలో సద్దు తగ్గింది. ఎత్తు పళ్ల పిల్లవాడొకడు బొమ్మకు ముక్కు ఆనించి చూసి మెల్లగా అన్నాడు.

"అది పాప కాళ్లు చూస్తా ఉంది."

"చెప్పుల్లేవు కదా పాపకి" అంది పక్కనున్న పిల్ల.

"ఆ చెప్పులు ఎవరివి మరి?" టీచరు కూడా నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"భూతం వాళ్ల పాపవి."

"భూతానికి పాప ఉందా? ఎక్కడా కనబడలేదే."

ఆ పిల్ల టీచరును జాలిగా చూసింది. "ఇస్కూలుకి పోయుంటది మిస్."

తర్వాత పేజీలో మాటలు తక్కువ. భూతం మనసు మారింది, అంతే ఉంది. ఎవరూ ఎందుకు అని అడగలేదు. నిచ్చెన దిగుతున్న పాప కాళ్లకు చెప్పులు చూసి ఎత్తు పళ్లవాడు తృప్తిగా వెనక్కి కూర్చున్నాడు.

బస్సులో తిరిగి వస్తూ రెండు ప్రతులూ ఒళ్లో పెట్టుకుని పేజీ పేజీ పక్కపక్కన తిప్పాను. మాస్టారి కథలో ఒక గొయ్యి ఉంది. అంత కఠినమైన కాపలాదారు ఊరికే ఎందుకు మారతాడు? మేమెవరమూ ఆ గొయ్యిని చూడలేదు. చదవని పిల్ల చూసింది. చూసి, మాటతో కాకుండా, మొదటి నుంచీ ఒక్కో చెప్పుల జత వేస్తూ దాన్ని పూడ్చుకుంటూ వచ్చింది. నేను ఆ చెప్పులు తీసేసి జాలి అన్న మాటతో గొయ్యి మీద చాప పరిచాను.

ఇక్కడ నేను పశ్చాత్తాపపడి క్షమాపణ చెప్పడానికి పరిగెత్తానని రాస్తే చదవడానికి బాగుంటుంది. కానీ నేను రాయపురం వెళ్లింది తనిఖీకి. బొమ్మల్లో అర్థం ఉంది, ఒప్పుకుంటాను. ఆ అర్థం ఈ పిల్లదే అని ఏమిటి నమ్మకం? వెనక ఎవరో ఉన్నారు, ఆ ఎవరో తేల్చుకోవాలి. నా బుద్ధి అది.

ఒప్పందంలో ఉన్న చిరునామా పట్టుకుని వెళ్తే ఇంట్లో ఎవరూ లేరు. నాయన పనిచేసే చోట ఉంటుందని పక్కింటావిడ దారి చెప్పింది. హార్బరు గేటు దాటి, ఐసు పెట్టెలు లాగే బండ్లను తప్పించుకుంటూ వెళ్తే ఒక ఐసు గోదాము. చేపల పడవలకు ఐసు దిమ్మలు ఇచ్చే చోటు. వాకిట్లో కుర్చీ వేసుకుని ఒక భారీ మనిషి కూర్చున్నాడు. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. ఆయన పక్కన నేల మీద ఆ అమ్మాయి, ఒళ్లో ట్యాబ్.

నేను ఎవరో చెప్పుకునేలోపే లోపలికి పోవలసిన కూలీ ఒకడు వచ్చాడు. ఆయన లేచి పెద్ద తలుపు గడియ తీసి ఓరగా తెరిచాడు. తెల్లటి పొగ నేల మీద పాకుతూ బయటికి వచ్చింది. లోపల చీకటి. నా కాళ్లకు చలి తగిలింది. ఆ మధ్యాహ్నం ఎండలో, చేపల వాసనలో, మూడు నెలలుగా మా కంప్యూటర్‌లో చూస్తున్న తలుపు ముందు నేను నిలబడి ఉన్నాను. ఆ మడతబందు, ఆ తుప్పు మరక, అడుగున చెక్క చీలిన చోటు కూడా అదే.

"కూసోండమ్మా" అని ఆయన కుర్చీ నా వైపు జరిపాడు. "మా పాప బొమ్మలేసే ఆఫీసు వాళ్లేనా?"

"అవునండీ. మీరు... ఆ కథ మీకు తెలుసా?"

"నేనే కదా చదివి చెప్పింది. దానికి తెలుగు అక్షరాలు రావు. నేను కార్పొరేషను ఇస్కూల్లో ఐదు దాకా తెలుగే చదివినా. ఈడనే, పని లేనప్పుడు కూసోని రోజుకొక పేజీ చదువుతా ఉంటే అది గీస్తా ఉంటది." ఆయన కొంచెం మొహమాటపడ్డాడు. "ఒకచోట మాత్రం నాకు నచ్చలేదమ్మా. రాసినాయన పెద్దవారు, నేను అనకూడదు. గోదాము కాసేవాడు ఊరికే తలుపు తీయడు. ముప్పై ఏండ్లుగా కాస్తా ఉండాను, నాకు తెలుసు. వాడికి ఏదో ఒకటి కనబడాల. అదే దానికి చెప్పినా."

"ఆ చెప్పులు?"

ఆయన నవ్వాడు. "అవి దీనివే. చిన్నప్పుడు ఇస్కూలు విడిస్తే నేరుగా ఈడికే వచ్చేసేది. చెప్పులు ఎక్కడో పారేసుకోని వట్టికాళ్లతో. లోపల ఐసు మీద కాళ్లు అంటుకుంటాయి, చర్మం ఊడొస్తది. నేను లోపలికి రానిచ్చేవాణ్ణి కాదు. అరిచేవాణ్ణి. ఇది ఏడుస్తా వాకిట్లోనే నిలబడేది. తర్వాత ఒక జత చెప్పులు కొని తలుపు దగ్గరే పెట్టేసినా, వచ్చినప్పుడు తొడుక్కోని లోపలికి పోనీ అని."

నేను భూతం బూట్లు చూస్తూ ఉండిపోయాను. అవి ఆయన కాళ్లకే ఉన్నాయి.

ఆ అమ్మాయి ఇంతసేపూ తలెత్తలేదు. గీస్తూనే ఉంది. నేను ఆమె వైపు తిరిగి అన్నాను.

"ఈ మాట ఆ రోజే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు కదమ్మా."

"మీరు అడగలేదు మేడం."

"అడిగాను కదా. నువ్వే వేశావా అని, కథ చదివావా అని..."

"అది అడిగేది కాదు మేడం, పట్టుకునేది." ఆమె గొంతు పెంచలేదు. "ఈ చెప్పులు ఏంటికి వేసినావు అని ఒక్కసారి అడిగుంటే చెప్పేదాన్ని. ఆఫీసులో అందర్నీ అడిగినారు. మెషిన్ ఎట్లా గీస్తుందని అడిగినారు. ఇది మాత్రం నన్ను అడగలేదు."

వాళ్ల నాయనకు ఏమీ అర్థం కాలేదు. ఆఫీసులో జరిగింది ఆమె ఇంట్లో చెప్పలేదని నాకు అప్పుడు తెలిసింది. ఆయన టీ తెప్పిస్తానని లేచాడు. నేను ఆ టీ ఎలా తాగానో నాకే తెలుసు.

ఆయన టీ కోసం అటు వెళ్లగానే, "బొమ్మలు నువ్వు ఎట్లా గీశావో అట్లాగే మళ్లీ వేయిస్తాను. పేరు కూడా" అన్నాను.

"సరి మేడం. కానీ ఆ రూములోనే చెప్పండి. ఆ రోజు ఉన్నవాళ్లందరూ ఉండాల."

సోమవారం మీటింగు గదిలో అందరం కూర్చున్నాం. యజమాని పెద్దమనిషి తరహాలో ముందే మొదలుపెట్టారు. "పోనీలెండి, చిన్న అపార్థం, అందరూ మనవాళ్లే, ఇక పని చూద్దాం."

"మేడం ఇంకా చెప్పలేదు సార్" అంది ఆ అమ్మాయి.

లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు, కూర్చుని చెప్పే మాటలా అనిపించలేదు. నా నోటు తప్పని, ఈ బొమ్మలు ఈ అమ్మాయివేనని, తప్పులని నేను సున్నా చుట్టినవన్నీ తప్పులు కావని చెప్పాను. తెలుగు రాని పిల్ల, కాలేజీ లేని పిల్ల ఇంత బాగా వేయలేదని నేను ముందే అనుకున్నానని, ఋజువులు తర్వాత వెతుక్కున్నానని కూడా చెప్పాను. ఆ చివరి మాట చెప్పాలని ముందు అనుకోలేదు. మొదలుపెట్టాక ఆగలేదు. మా సహోద్యోగి బల్ల మీది గీతలు చూస్తూ కూర్చున్నాడు. మీటింగయ్యాక నా దగ్గరికి వచ్చి, "నా పేరు చెప్పలేదేం మేడం" అన్నాడు. "నోటు రాసింది నేను కదా" అన్నాను. ఆ రోజంతా అతను చెరిపిన చెప్పులు మళ్లీ వెనక్కి పెట్టాడు. తొమ్మిదీ పెట్టి, ఇంకొకటి ఉండాలి కదా అని వెతుకుతుంటే, పాప కాళ్లవి నేను గుర్తు చేశాను.

మాస్టారి దగ్గరికి నేనే వెళ్లాను. ఆయనకు కోపం వస్తుందని భయం. కథలో లేనిది బొమ్మలో ఉంటే కొందరు రచయితలు పుస్తకమే వెనక్కి తీసుకుంటారు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మొత్తం పేజీలు రెండుసార్లు తిప్పారు. ఇరవయ్యో పేజీ దగ్గర చాలాసేపు ఆగారు.

"ఇక్కడ నేను తప్పించుకున్నానమ్మా" అన్నారు. "కథ ముగించాలన్న తొందరలో మనసు మార్చేశాను. ఈ పిల్ల పట్టేసింది."

పెన్ను అడిగి జాలి వాక్యం కొట్టేశారు. ఆగలేదు. భూతం మనసు మారిందన్నదీ కొట్టేశారు. ఇంకో రెండు వాక్యాలు కూడా పోయాయి. ఇప్పుడు అక్కడ మిగిలింది, "భూతం కిందికి చూసింది." అంతే. నా ఉద్యోగంలో రచయితలు వాక్యాలు కలపడానికి పోట్లాడటం చూశాను. తీసేస్తూ తేలికపడ్డ మనిషిని అప్పుడే చూశాను. బొమ్మ చెప్పేదాన్ని మాట మళ్లీ చెబితే పిల్లలకు చేయడానికి ఏమీ మిగలదని మీకు ఇప్పుడు ఏ శిక్షణలోనైనా చెబుతారు. నేను మాత్రం మనలి బడిలో, కిటికీలు మూసిన గదిలో నేర్చుకున్నాను, అది కూడా రిటైరవబోతూ.

అచ్చు అంబత్తూరులో. మొదటి ఫారం, అంటే కొన్ని పేజీలు కలిసి పడే పెద్ద కాగితం, మెషిన్ మీదికి ఎక్కే రోజు నేనూ ఆ అమ్మాయీ వెళ్లాం. ఆమె నాతో మాట్లాడేది పని వరకే. అది న్యాయమే. తడి రంగుల వాసన, మెషిన్ చప్పుడు. ఫోర్‌మన్ మొదటి కాగితం తీసి బల్ల మీద పరిచి భూతద్దం పెట్టి చూశాడు. ఏడో పేజీలో, గోదాము పైన ఖాళీ ఆకాశంలో ఒక నల్ల చుక్క. కథలో దాని ఊసు లేదు.

"మేడం, ఇది తప్పుగా పడిందా? తీయించేదా?" అన్నాడు నాతో.

నేను గబుక్కున అతని చేయి ఆపాను. నా బుర్ర అప్పటికే పరిగెత్తింది. అది పక్షి. దూరంగా, ఒంటరిగా, వానకోసం చూస్తున్న పక్షి. లేదా ఊరి నుంచి నిచ్చెన చూస్తున్న ఎవరో. రెండు క్షణాల్లో దానికి మూడు అర్థాలు కల్పించుకున్నాను. కానీ ఏ ఒక్కటీ పైకి అనలేదు.

"నన్ను కాదు, ఆమెను అడగండి" అన్నాను.

అమ్మాయి వంగి చూసింది. గోటితో గీకింది. ఫోర్‌మన్ చేతిలోంచి భూతద్దం తీసుకుని ఇంకోసారి చూసింది.

"దుమ్ము అన్నా. తుడిచేయండి" అంది.